‘ఏడాదంతా కాపు’ అన్న స్ట్రాబెర్రీ మా నెల్లూరు మిద్దె మీద ఏం చేసిందంటే

మా మిద్దె మీద కాసిన మొదటి స్ట్రాబెర్రీల్లో ఆరింటిని మా అత్తయ్య కందిపప్పులో వేసి వండేశారు. ఆమెను అనడానికేమీ లేదు. పుల్లమామిడికి ఏమాత్రం తీసిపోని పులుపు వాటిది. ఆ కాయలు కోసుకొచ్చింది నేను, అవి అంత పుల్లగా ఉండటానికి కారణమూ నేనే. ఆ సంగతి చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

మేముండేది నెల్లూరు వేదాయపాళెంలో. రెండంతస్తుల ఇల్లు, పైన ఖాళీ మిద్దె. పదేళ్ళుగా గోంగూర, వంగ, టమోటా, పొట్ల వేసుకుంటున్నాను. డ్రమ్ములో ఒక నిమ్మచెట్టు కూడా ఉంది. వీటిలో ఏదీ నన్ను పెద్దగా ఏడిపించలేదు. అందువల్లనే ధైర్యం ఎక్కువైపోయినట్టుంది. 2022లో ఆన్‌లైన్‌లో ఒక విత్తనాల ప్యాకెట్ చూశాను. ‘ఎవర్‌బేరింగ్ స్ట్రాబెర్రీ, ఏడాదంతా కాపు’ అని రాసి, నిమ్మకాయంత కాయ బొమ్మ వేశారు. తెప్పించి చల్లాను. నెలకు మొలకలు వచ్చాయి. ఇంకో పదిహేను రోజులు పోయాక చూస్తే అది గంగపాయలకూర. దాన్నీ అత్తయ్య పప్పులోనే వేశారు.

స్ట్రాబెర్రీని విత్తనంతో పెంచాలనుకోవడమే తెలివైన పని కాదని తర్వాత తెలిసింది. మనం తినే పెద్దకాయ స్ట్రాబెర్రీ ఒక సంకరం. ఉత్తర అమెరికా మొక్క ఒకటి, చిలీ దేశపు మొక్క ఒకటి ఫ్రాన్సులో పక్కపక్కన పెరిగి, 18వ శతాబ్దంలో అక్కడి తోటల్లో కలిసిపోయి పుట్టింది. దాని విత్తనం వేస్తే తల్లి గుణం అట్లాగే వస్తుందని చెప్పలేం. మొలవడానికి కూడా వారాలు పడుతుంది. అందుకే రైతులు విత్తనం జోలికి పోరు. తల్లిమొక్క తీగ సాగి, ఆ తీగ కణుపు దగ్గర పిల్ల మొక్క వేళ్ళూనుతుంది. వాళ్ళు నాటేది ఆ పిల్లల్నే.

మరుసటి ఏడాది ఊళ్ళోనే ఒక నర్సరీలో నూట యాభై రూపాయలు పెట్టి ‘స్ట్రాబెర్రీ’ మొక్క కొన్నాను. మూడేసి ఆకులు, పాకే తీగలు, అచ్చం బొమ్మలో ఉన్నట్టే ఉంది. నెలలో పూలు వచ్చాయి, పసుపుపచ్చగా. తర్వాత ఎర్రటి గుండ్రటి కాయలు, వాలిపోకుండా ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాయి. కొరికితే తడిపిన దూది. స్ట్రాబెర్రీలాగే కనిపించే వేరే జాతి మొక్క అది. అసలు స్ట్రాబెర్రీకి మామూలుగా పువ్వు తెల్లగా ఉంటుంది. కొనేముందు నర్సరీలో పువ్వున్న మొక్కే చూపించమని అడగండి. పసుపు పువ్వు కనిపిస్తే చెయ్యి జేబులోకి పోనివ్వొద్దు.

ఇక మూడోసారి. మా అబ్బాయి పుణెలో ఉద్యోగం. 2023 దీపావళికి వస్తూ మహాబలేశ్వరం వైపు తెలిసిన రైతు దగ్గర పద్నాలుగు పిల్ల మొక్కలు తెచ్చాడు. మన దేశంలో పండే స్ట్రాబెర్రీలో పెద్ద వాటా ఆ చుట్టుపక్కలదే. 2010లో మహాబలేశ్వరం స్ట్రాబెర్రీకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. ఎనిమిది వింటర్ డాన్ రకం, ఆరు ఆల్బియన్ రకం. తడి న్యూస్‌పేపర్లో చుట్టి, పాలిథిన్ కవర్లో పెట్టి, రేణిగుంటలో రైలు మారి తెచ్చాడు. “అమ్మా, ఈ ఆల్బియన్ ఉంది చూడు, ఇది ఏడాదంతా కాసే రకం. వింటర్ డాన్ చలికాలమే” అన్నాడు. మళ్ళీ ఆ మాటే. నా కళ్ళు ఆల్బియన్ మీదే ఉన్నాయని వేరే చెప్పాలా? ఎండ తక్కువ పడే మంచి చోటు, మంచి కుండీలు దానికే ఇచ్చాను.

మా ఆయన మాత్రం, “మన రాష్ట్రంలో స్ట్రాబెర్రీ అంటే లంబసింగి. మంచు కురిసే చోట పండేదాన్ని నువ్వు వేదాయపాళెంలో పండిస్తావా?” అన్నారు.

మట్టి కలపడం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు, గుప్పెడు వేపపిండి. కొబ్బరి పొట్టును మాత్రం మూడుసార్లు నీళ్ళలో నానబెట్టి పిండాలి, దాన్లో ఉప్పు ఉంటుంది. నాటడంలో ఒకటే కిటుకు, మొవ్వు. వేళ్ళకూ ఆకులకూ మధ్య బొడిపెలాగా ఉండేదే మొవ్వు, కొత్త ఆకులన్నీ అందులోంచే వస్తాయి. అది మట్టిలో కూరుకుపోతే కుళ్ళుతుంది, మరీ పైకి లేస్తే వేళ్ళు ఎండుతాయి. సరిగ్గా మట్టి మట్టానికి ఉండాలి. నాటినప్పుడు సరిగ్గానే పెడతాం, నీళ్ళు పోశాక మట్టి కుంగి పైకి తేలుతుంది. మర్నాడు మళ్ళీ చూసుకోవాలి.

పది రోజులకు కొత్త ఆకు వచ్చింది. పదిహేను రోజులకు ఆకుల అంచులు గోధుమరంగుకు తిరిగి, కాల్చిన అప్పడం అంచులాగా పెళుసెక్కాయి. ఎరువు చాలలేదనుకుని ఇంకో చెంచా వేశాను. అంచులు ఇంకా లోపలికి మాడాయి. బూజు మందు కొట్టాను. లాభం లేదు. అప్పటికి నాకు టెన్షన్ పట్టుకుంది, రోజుకు నాలుగుసార్లు మిద్దె ఎక్కేదాన్ని.

మా ఇంట్లో తాగే నీళ్ళకు ఆర్వో మిషను ఉంది. దాన్లోంచి బయటికి పోయే నీళ్ళు వృథా కాకూడదని పైపు పెట్టి బక్కెట్లో పట్టి, రెండేళ్ళుగా మొక్కలకు పోస్తున్నాను. పొదుపు మనిషినని నాకు నేనే మురిసిపోయేదాన్ని కూడా. గోంగూరకు, వంగకు ఏమీ కాలేదు. ఒకరోజు మిషను ఫిల్టరు మార్చడానికి వచ్చిన అబ్బాయి, నీళ్ళలో ముంచితే లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల ఉప్పులు కరిగి ఉన్నాయో చూపించే చిన్న టీడీఎస్ మీటరు తీసి మంచినీళ్ళు చూపిస్తున్నాడు. “బాబూ, ఆ బక్కెట్లో కూడా ఒకసారి ముంచు” అన్నాను. మంచినీళ్ళు 60 చూపించిన మీటరు బక్కెట్లో 1900 చూపించింది. మా బోరు నీళ్ళు 1460. మున్సిపల్ కుళాయిలో వచ్చే పెన్న నీళ్ళు 340. ఆ అబ్బాయి మీటరు వైపు, మాడిన ఆకుల వైపు చూసి, “ఉప్పు నీళ్ళు పోస్తున్నారాంటీ” అన్నాడు.

నెల్లూరు, ఒంగోలు వైపు సముద్రానికి దగ్గరగా ఉండే ఏ ఇంట్లో బోరు వేసినా ఈ సంగతి తెలిసిందే. బక్కెట్ల అంచుకు తెల్లటి పొర కడుతుంది, స్నానానికి సబ్బు నురగ రాదు. కానీ మొక్కల విషయంలో అంత పట్టించుకోం, ఎందుకంటే మనం వేసేవాటిలో చాలా మొక్కలు ఓర్చుకుంటాయి. ఈ స్ట్రాబెర్రీకి ఆ ఓర్పు అసలు లేదు. పండ్ల మొక్కల్లో ఉప్పుకు ఇంత తొందరగా లొంగిపోయేది అరుదు. ఉప్పు వేళ్ళ ద్వారా పైకెక్కి ఆకు చివర పేరుకుంటుంది, అందుకే అంచే ముందు మాడుతుంది. పైగా ఎరువు కూడా ఒక రకం ఉప్పే. ఆకు మాడిందని నేను వేసిన రెండో చెంచా, పుండు మీద కారమే.

ఆ రోజు నుంచి నీళ్ళ లెక్క మారింది. కుళాయి నీళ్ళు వచ్చే పూట పట్టి పెట్టుకోవడం ఒకటి. రెండోది ఏసీ నీళ్ళు. ఏసీ బయట పైపులోంచి చుక్కలు చుక్కలుగా కారేది గాలిలో ఉండే తేమే, దాన్లో ఉప్పు దాదాపు ఉండదు. మీటరు 12 చూపించింది. ఆన్‌లైన్‌లో మీటరు నేనే కొనుక్కున్నాను మరి. ఇంట్లో కనిపించిన ప్రతి నీళ్ళలో ముంచి చూడటం కొన్నాళ్ళు అలవాటైంది. అత్తయ్య మజ్జిగలో కూడా ముంచబోతే గరిటె చూపించారు.

ఇంతలో డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుపాను. 5వ తేదీ బాపట్ల దగ్గర తీరం దాటింది, కానీ అంతకుముందు రెండు రోజులు నెల్లూరు మీదే కూర్చున్నట్టు కురిసింది. గాలికి కుండీలు దొర్లుతాయని మెట్ల గదిలోకి చేర్చాను. ఆ కంగారులో నాలుగు కుండీలు పిట్టగోడ పక్కనే ఉండిపోయాయి. మూడు రోజుల తర్వాత చూస్తే ఆ నాల్గింటిలో మూడు మొక్కలు మొవ్వు కుళ్ళి పోయాయి. నాలుగోది బతికింది. బతకడమే కాదు, వారం తిరిగేసరికి మెట్ల గదిలో దాచినవాటికన్నా అదే బాగా చిగురేసింది. రెండు రోజుల వాన మట్టిలో పేరుకున్న ఉప్పునంతా కడిగేసి అడుగు కన్నంలోంచి బయటికి పంపింది గదా! తుపాను మళ్ళీ రాదు కాబట్టి మిగతా కుండీలకు నేనే వాన అయ్యాను. మిద్దె నీళ్ళు రెండు డ్రమ్ముల్లోకి దింపుకున్నాం, నాలుగు వందల లీటర్లు. మీటరు పెడితే 18. ఆ నీళ్ళతో ఒక్కో కుండీని అడుగు నుంచి ధారగా కారేదాకా తడిపాను.

అప్పుడు తిరిగాయి మొక్కలు. అంచు మాడని మొదటి ఆకు విచ్చుకున్న రోజు ఆయన్ని చెయ్యి పట్టుకుని మిద్దె మీదికి లాక్కుపోయాను.

నాటిన నాలుగు నుంచి ఆరు వారాలపాటు పూలు గిల్లెయ్యమని, మొక్క బలం పుంజుకుంటుందని అందరూ చెబుతారు. చల్లటి ప్రాంతానికి అది సరైన మాటే. మనకు చలి అనేది ఉండేదే రెండు నెలలు. అందులో నెలన్నర పూలు గిల్లుకుంటూ కూర్చుంటే ఇక కాసేదెప్పుడు? నేను డిసెంబరు 10 దాకా గిల్లి, ఆ తర్వాత వదిలేశాను. మళ్ళీ వేసినా అంతే చేస్తాను.

పూలు బాగానే వచ్చాయి, పిందెలు మాత్రం వంకర. కొన్ని కోతిమూతిలాగా, కొన్ని ఒకవైపే ఉబ్బి. పురుగేమో అనుకున్నాను. కాదు, మిద్దె మీదికి తేనెటీగలు రావడం లేదు. జీడిమామిడి గుర్తుంది గదా, మనం పండు అనుకునేది పండు కాదు, కింద వేలాడే గింజే అసలు కాయ. స్ట్రాబెర్రీ కూడా ఆ తరహానే. పైన నువ్వుగింజల్లాగా అతుక్కుని ఉండేవే ఒక్కోటీ ఒక్కో కాయ. ఎర్రటి కండ అంతా పువ్వు అడుగుభాగం ఉబ్బి తయారైంది. ఏ గింజకు పుప్పొడి అందలేదో ఆ చుట్టూ కండ పెరగదు, అక్కడ సొట్ట పడుతుంది. అంటే పువ్వు మధ్య పసుపు గుండీలోని ప్రతి మూలకూ పుప్పొడి అందాలి. పక్కింటి పాప డ్రాయింగ్ బ్రష్ అడిగి తెచ్చుకుని, ఉదయం తొమ్మిది పది మధ్య ఒక్కో పువ్వులో మెల్లగా చుట్టూ తిప్పేదాన్ని. రెండు వారాలకు కాయలు గుండె ఆకారంలో దిగాయి. పక్కన బంతిపూల కుండీలు పెట్టాక తేనెటీగలూ రావడం మొదలైంది, బ్రష్ పని సగం తగ్గింది.

మొదటి కాయ సరిగ్గా భోగికి రెండు రోజుల ముందు ఎర్రబడింది. తెల్లటి పువ్వు నుంచి ఎర్రటి కాయకు ఇరవై ఎనిమిది రోజులు. రేపు కోద్దాంలే అనుకున్నాను. పొద్దున్నే లేచి చూస్తే పిగిలిపిట్ట సగం తినేసి, మిగతా సగం నా కోసం వదిలింది. ఆ కోపంలో, సగం ఎరుపెక్కి భుజాల దగ్గర ఇంకా తెల్లగా ఉన్న ఏడెనిమిది కాయల్ని కోసేశాను. మామిడికాయల్ని గడ్డిలో వేసి మాగబెడతాం గదా, అట్లాగే బియ్యం డబ్బాలో పెడితే రెండు రోజుల్లో తియ్యబడతాయనుకున్నాను. రంగు కొంచెం ముదిరింది. తీపి మాత్రం రాలేదు. స్ట్రాబెర్రీ కోశాక మాగే పండు కాదు, చెట్టు మీద ఎంత తీపి చేరితే అంతే. మామిడికి, అరటికి ఉన్న గుణం దీనికి లేదు. ఆ కాయలే అత్తయ్య పప్పులోకి పోయినవి. “ఈ పులుపు కోసం ఇంత తిప్పలెందుకమ్మా, గూడూరు పోయి నిమ్మకాయలు తెచ్చుకుంటే సరిపోయేది గదా” అన్నారు. పప్పు మాత్రం బాగుంది, అబద్ధమెందుకు చెప్పాలి.

ఆ తర్వాత పెళ్ళిళ్ళలో రిటర్న్ గిఫ్టులిచ్చే నెట్ సంచులున్నాయి చూడండి, బీరువా అడుగున పోగుపడినవి, వాటన్నిటికీ పని దొరికింది. పిందె దిగగానే సంచి తొడిగి తాడు బిగించడమే. పిట్ట, ఉడుత రెండూ ఆగాయి. కాయ మట్టికి తగలకుండా అడుగున వరిగడ్డి పరిచాను. ఇక తొడిమ దాకా ఎర్రబడితేనే కోయడం. అట్లా కోసిన మొదటి కాయను ఐదు ముక్కలు చేసి ఇంటిల్లిపాదీ తిన్నాం. అంగట్లో డబ్బాలో వచ్చేవి ఎన్నోసార్లు తిన్నాను గానీ ఆ వాసన వాటిలో లేదు. కాయ మాత్రం చిన్నది, పెద్ద రేగుపండంత.

జనవరి 12 నుంచి మార్చి 20 దాకా గోడ క్యాలెండర్ మీద రోజూ గీతలు గీశాను. పదకొండు మొక్కలకు 131 కాయలు. ఒక్కోటి పది గ్రాముల చొప్పున వేసుకుంటే కిలోంపావు. కుండీలు, పొట్టు, మీటరు, డ్రమ్ములు అన్నీ కలిపితే కిలో ఎంత పడిందో ఆయన లెక్క వేయబోయారు, నేను క్యాలెండర్ లాక్కున్నాను.

అసలు ఆశ్చర్యం ఆ గీతల్లోనే ఉంది. ‘చలికాలమే కాస్తుంది’ అన్న వింటర్ డాన్, ఆరు మొక్కలకు 79. ‘ఏడాదంతా కాస్తుంది’ అన్న ఆల్బియన్, ఐదు మొక్కలకు 52. మార్చి మధ్యకు రెండూ ఒకేసారి పూలు ఆపేశాయి. ఏప్రిల్ అంతా ఆల్బియన్ దగ్గర కూర్చుని ఎదురుచూశాను. ఒక్క మొగ్గ లేదు, తీగలు మాత్రం సాగుతున్నాయి.

అప్పుడు కూర్చుని చదివితే అర్థమైంది, ‘ఏడాదంతా’ అనే మాట అబద్ధం కాదు, మన ఊరిది కాదు. మామూలు స్ట్రాబెర్రీ పగలు చిన్నదైనప్పుడు పూత వేస్తుంది. చల్లటి దేశాల్లో వేసవి పగలు పద్నాలుగు, పదిహేను గంటలుంటుంది కాబట్టి అప్పుడు వాటికి పూత ఆగిపోతుంది. ఆ అడ్డు తీసెయ్యడానికి పగటి నిడివితో పనిలేకుండా పూసే రకాలను తయారుచేశారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళ ఆల్బియన్ అట్లాంటిదే. నిజానికి పాత ఎవర్‌బేరింగ్ రకాలు ఏడాదికి రెండు విడతలు కాసేవి, ఆల్బియన్‌లాంటివి వాతావరణం చల్లగా ఉన్నన్నాళ్ళూ కాస్తూనే ఉంటాయి. అమ్మేవాళ్ళు రెండింటినీ ఒకే పేరుతో అమ్ముతారు. మరి నెల్లూరులో? ఇక్కడ జూన్‌లో అతి పెద్ద పగలు కూడా పదమూడు గంటలు దాటదు, డిసెంబరులో పదకొండుంపావు. పగటి నిడివి మనకు ఎప్పుడూ అడ్డే కాదు. అడ్డల్లా వేడి. ముప్పై డిగ్రీలు దాటేకొద్దీ చాలా రకాలు పూత తగ్గించి, చివరికి మానేస్తాయి, ఆల్బియన్ కూడా. లేని తాళానికి తాళంచెవి కొన్నట్టయింది నా పని.

ఫిబ్రవరి చివర్లో ఎర్రనల్లి కూడా వచ్చింది. ఆకు వెనక సన్నటి సాలెగూడు, పైన కంచు రంగు. పొద్దున పూట ఆకు అడుగుకు నీళ్ళు గట్టిగా కొట్టడం, వారానికోసారి వేపనూనె, అంతే. సాయంత్రం ఆకులు తడిపితే మాత్రం బూజు ఖాయం.

ఎండాకాలం సంగతి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, మా మిద్దె మీద నల్ల ప్లాస్టిక్ కుండీ ముట్టుకుంటే చెయ్యి కాలింది. ఏప్రిల్ మొదట్లోనే అన్నింటినీ కింద గిన్నెలు కడిగే చోటికి, ఉత్తరం గోడ నీడకు దించాను. పైన షేడ్ నెట్, చుట్టూ తడి గోనెసంచులు, రోజుకు రెండుపూటలా ఏసీ నీళ్ళు. మేము ఏసీ వేసుకున్నది నిద్ర కోసమో స్ట్రాబెర్రీ కోసమో చెప్పలేను. మార్చిలో సాగిన తీగల్ని తల పిన్నులతో చిన్న చిన్న కప్పుల్లోని మట్టికి గుచ్చి, వేళ్ళు పట్టాక నాలుగు వారాలకు తల్లి నుంచి కత్తిరించాను. అట్లా పదమూడు పిల్లలు తయారయ్యాయి. సెప్టెంబరు చివరికి మిగిలింది తల్లుల్లో నాలుగు, పిల్లల్లో ఆరు. తల్లులు వడిలిపోయి మొవ్వు చెక్కలాగా అయ్యింది.

2024 అక్టోబరు వాయుగుండం వానలకు డ్రమ్ములు మళ్ళీ నిండాయి. పాత పదింటినీ కొత్త మట్టిలోకి మార్చాను. అబ్బాయిని ఇంకో పది తెమ్మన్నాను. ఆ చలికాలం పక్కపక్కనే పెట్టి చూస్తే, తల్లులు వేసింది గోళీకాయంత కాయలు, అవీ నాలుగైదు. మా పిల్ల మొక్కలు ఫరవాలేదు. పుణె నుంచి కొత్తగా వచ్చినవి రెండింటినీ దాటిపోయాయి. ఏడు నెలలు ఎండతో యుద్ధం చేసి దక్కించుకున్న మొక్కకన్నా, నవంబరులో నలభై రూపాయలకు కొన్న మొక్క ఎక్కువ కాసింది. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు కొంచెం టైం పట్టింది. ఇప్పుడు మార్చి అయిపోగానే మొక్కల్ని పీకి ఎరువు గుంతలో వేసేస్తున్నాను, ఆ కుండీల్లో తోటకూర చల్లుతున్నాను.

రెండు ఆల్బియన్లను మాత్రం పీకలేదు. గిన్నెలు కడిగే చోట గోడ వారగా ఇంకా ఉన్నాయి. మొన్న వాటికి నాలుగు పచ్చికాయలు కనిపిస్తే సంచులు తొడగబోయాను. “వాటి జోలికి రాకు, అవి పప్పులోకి” అన్నారు అత్తయ్య.